బోనెట్ మీద పెట్టిన మందు

మొన్న కూరగాయల మార్కెట్లో ఒక కొత్త కండక్టరమ్మ కనిపించింది. నేను రిటైరయ్యాక ఉద్యోగంలో చేరిన పిల్ల. ఒంటి మీద యూనిఫాం, చేతిలో బెండకాయల సంచి. ఎలా ఉందమ్మా డ్యూటీ అన్నానో లేదో, కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"టిక్కెట్టు కొట్టడం, లెక్క అప్పజెప్పడం, అదే కదక్కా నా పని. ముసిలోల్లకి సెయ్యందించు, మూట పైకి లాగు, సంటిపిల్లని పట్టుకో అంటారు. అంతకు మించి సేస్తే నాకేటొస్తాది?"

తిడదామనిపించింది, తిట్టలేదు. ఆ ప్రశ్నకు జవాబు నాకు బాగా తెలుసని చాలా ఏళ్లు అనుకున్నాను. ఒక ఎండాకాలం నా తెలివంతా బస్టాండు నడిబొడ్డున కూలబడింది. అదంతా బెండకాయల కొట్టు ముందు నిలబడి చెప్పేది కాదు కనుక ఇలా రాస్తున్నాను. ఆ పిల్లలాంటి వాళ్లందరూ చదవండి. డిపో పేరు రాయను, మనుషుల పేర్లూ రాయను. ఒకవేళ తెలిసినా తెలియనట్టు ఊరుకోండి.

మాది నర్సీపట్నం, మిషన్ చర్చి కుటుంబం. కండక్టరుగా ఎస్. రాయవరం, కోటవురట్ల, నాతవరం రూట్లన్నీ తిరిగి తిరిగి, సర్వీసు చివర్లో కొండ రూటులో పడ్డాను. ఏజెన్సీకి వెళ్లే పల్లె బస్సు. నాతో జత పడిన డ్రైవరు గారికి నోటికి అదుపు లేదు. గేరును తిడతాడు, బ్రేకును తిడతాడు, రోడ్డుకి అడ్డొచ్చిన మేకను దాని వంశంతో సహా తిడతాడు. మొదటి రోజే నాకు ముందస్తుగా చెప్పేశాడు.

"కండక్టరమ్మా, నేను బస్సు తోలడానికొచ్చినాను, ప్రజాసేవకి కాదు. బెల్లు కొట్టిన సోట ఆపుతాను. కొట్టకపోతే దేవుడొచ్చినా ఆపను."

దేవుడు రాలేదు గానీ ఒక ముసలమ్మ వచ్చింది. ఘాట్ రోడ్డులో ఒక మలుపు ఉంది. అక్కడ స్టాపు లేదు. ఆవిడ రెండు చేతులూ చాపి నడిరోడ్డు మీద నిలబడింది. పక్కన పదేళ్ల పిల్ల. బస్సు కీచుమని ఆగింది. మా డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏటే ముసలమ్మా, సావడానికి నా బస్సే దొరికిందేటి?"

"సావడానికి కాదు బాబూ, బతకడానికే," అంది ఆవిడ, పిల్లను ముందుకు తోసి.

సంగతి ఏమిటంటే, పిల్లకి చక్కెర జబ్బు. పుట్టుకతో కాదు, ఈమధ్యే బయటపడిందట. రోజూ సూది వేయాలి. ఆ మందు కింద పట్నంలో పెద్దాసుపత్రిలో ఇస్తారు. కొండ దిగి వచ్చి తీసుకెళ్లాలంటే ఇంట్లో ఒకరికి రోజు కూలి పోతుంది, ఒక్కోసారి వచ్చినా ఆ పూట అది దొరకదు. కింది నుంచి వచ్చేవాళ్లు ఎవరైనా తెచ్చిపెడితే బాగుండునని ఆవిడ మొర. ఆస్పత్రి చీటీ కూడా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నా బస్సేటి మందుల కొట్టనుకున్నావా?" అని మా డ్రైవరు ఆవిడ మీద ఎగిరాడు. కొండ దిగినంతసేపూ సణుగుతూనే ఉన్నాడు. బస్టాండులో దిగాక మాత్రం, "ఆ సీటీ పట్టుకుని ఆస్పత్రికి ఎల్లి అదేటో కనుక్కో. నేను టీ తాగొస్తాను," అన్నాడు. నేను అన్నం తినాల్సిన వేళ అది. సర్లే అనుకుని వెళ్లాను.

ఆస్పత్రిలో ఒక నర్సమ్మ మా చర్చిలో నాతోపాటు ఒకే బెంచీ మీద కూర్చునే మనిషి. ఆవిడ అర్థమయ్యేలా చెప్పింది. ఈ పిల్ల ఒంట్లో ఊరాల్సింది ఊరదు, ఈ మందు లేకపోతే పిల్ల బతకదు. మందుకి వేడి తగిలితే పాడైపోతుంది. ఫ్రిజ్ లేనిచోట చిన్న మట్టికుండలో నీళ్లు పోసి, సీసాను కవరులో చుట్టి అందులో ఉంచాలి.

అలా మొదలైంది. సంతలో రెండు చిన్న కుండలు కొన్నాను. ఒకటి పైకి వెళ్తే ఒకటి కిందికి వస్తుంది. నా సీటు వెనక కిటికీ రాడ్డుకి తాడుతో వేలాడదీసేదాన్ని, గాలి బాగా తగిలేది. మలుపుల్లో కుండ ఊగి పక్కనున్నవాళ్ల నెత్తి మీద నీళ్లు చిలకరించేది. "కండక్టరమ్మ కల్లు మోస్తన్నాదిరోయ్" అని నవ్వేవాళ్లు. నవ్వనీ, నాకేం పోయింది. వాళ్లే ఆ కుండను మోచెయ్యి తగలకుండా కాసేవాళ్లు.

మందు తెచ్చే రోజు ముసలమ్మ, పిల్ల ఆ మలుపులో కాసుకుని ఉండేవారు. బస్సు కాస్త ఆలస్యమైందా, ఆవిడ మొదలెట్టేది.

"ఇప్పుడా రావడం? బేగి రాలేవా బాబూ? నిలబడి నిలబడి కాళ్లు లాగేస్తన్నాయి."

"నీ కోసం బస్సుకి రెక్కలు కట్టమంటావేటే?"

పిల్ల మాత్రం ఏమీ మాట్లాడేది కాదు. మెట్టెక్కి నా చేతిలో కుండ లాక్కుని, ఖాళీ కుండ నా ఒళ్లో పడేసి, వెనక్కి చూడకుండా పైకి పరిగెత్తేది. వెనకాలే ముసలమ్మ, "పగలగొట్టకే!" అని అరుచుకుంటూ. మా డ్రైవరు ఆ మలుపుకి కాస్త ముందు అద్దంలో చూసుకుని తల దువ్వుకోవడం నేను కనిపెట్టాను. వీక్లీ ఆఫ్ ఆ రోజున పడితే ఇంకొకరితో మార్చుకుని మరీ వచ్చేవాడు. అడిగితే, "ఇంట్లో మా యావిడ పోరు," అనేవాడు.

ఆ తర్వాత కొత్త మేనేజరు వచ్చాడు. చిన్నవాడు, చదువుకున్నవాడు, మంచివాడు. ఈ మాట వెటకారానికి అనడం లేదు, నిజంగా మంచివాడు. మా బస్సులో వెళ్లే ఒక స్కూలు టీచరు చెబితే విషయం ఆయన చెవిన పడింది. మమ్మల్ని పిలిచి కుర్చీలు వేయించి కూర్చోబెట్టాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. జెండా పండగ రోజు మా ఇద్దరికీ శాలువాలు కప్పి, మైకు మా డ్రైవరు నోటి దగ్గర పెట్టాడు.

"మీ డ్యూటీకి మించి ఇంత సేవ చేయడానికి మీకు ప్రేరణ ఏమిటో అందరికీ చెప్పండి."

మా డ్రైవరు మైకును అనుమానంగా చూశాడు. "ప్రేరణేటీ నేదండి. ఆ ముసల్ది తిడతాదండి."

డిపో అంతా ఘొల్లుమంది. మేనేజరూ నవ్వాడు. మా డ్రైవరు మాత్రం నవ్వలేదు. ఆయన ఉన్నమాటే చెప్పాడని ఆ రోజు నాక్కూడా తట్టలేదు.

మేనేజరుకి ఉత్సాహం ఆగలేదు. డ్యూటీలు వేసే గది పక్కన ఒక బోర్డు పెట్టించాడు. ఎవరు డ్యూటీకి మించి మంచిపని చేస్తే వారి పేరు ఎదుట ఒక స్టారు. నెలాఖరుకి ఎక్కువ స్టార్లున్న జతకి కోరుకున్న రూటు. ఇక చూడండి నా సామిరంగా! ఎన్నడూ సీటు మీంచి లేవని మనుషులు కూడా ముసలివాళ్లను వెతుక్కుంటూ తిరిగారు. ఒకసారి ఒకే తాత మూటను ఇద్దరు కండక్టర్లు చెరోవైపు పట్టుకుని లాగారు, ఆ తాత "దొంగలు బాబోయ్" అని బస్టాండు హోరెత్తించాడు. మేమందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం.

స్టార్లు ఎవరికి ఎక్కువ? మాకే. మందు కుండ మాదాయె. మిగతావాళ్లు గొణిగారు. "ఆల్లకి కొండ రూటుంది కాబట్టి స్టార్లొస్తన్నాయి. ఆ కుండ మాకియ్యండి, మేమూ మోస్తాం." అందులో న్యాయం లేదని ఎలా అనగలం? మేనేజరు అందరికీ అవకాశం రావాలని వంతులు వేశాడు. కుండ చూడ్డానికి బాగోలేదని, నీళ్లు చిందుతున్నాయని, మూత ఉన్న ఒక చక్కని ప్లాస్టిక్ డబ్బా కొనిచ్చాడు, లోపల తడిగుడ్డ పెట్టమన్నాడు. మలుపులో ఆపడం ప్రమాదమని, చివరి స్టాపులో ఉన్న ఆరోగ్య కేంద్రంలో ఇచ్చేస్తే వాళ్లే పిల్ల ఊరికి పంపేలా మాట్లాడాడు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. నేనూ బుర్ర ఊపాను.

మాకు నాతవరం రూటు పడింది. కొండ రూటు తీసుకున్న కండక్టరుతో చెప్పాను. "బాబూ, సల్లగా ఉంచాలి. శానా జాగర్త."

"నా పేనం లాగ సూసుకుంటానక్కా," అన్నాడు. అబద్ధం కాదు, అలాగే చూసుకున్నాడు.

మా డ్రైవరు నాతవరం రూటులో తిట్టడం మానేశాడు. గేదెలు అడ్డొచ్చినా ఉలకలేదు, పలకలేదు. "ఏటి, నోరు పడిపోనాదా?" అన్నాను. "బస్సు తోలతన్నాను కదా. అదే కదా నా పని," అన్నాడు. మనిషికి వయసొచ్చి బుద్ధొచ్చిందనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం బస్టాండులో మా బస్సు నిండింది, బెల్లు కొట్టబోతున్నాను. కొండ నుంచి వచ్చిన బస్సు అవతల ఆగింది. ఆగీ ఆగకముందే లోపల కేకలు. ముందు ముసలమ్మ దిగింది, చెప్పుల్లేవు. ఆవిడ వెనక ఒకాయన రెండు చేతుల మీద పిల్లను మోసుకుంటూ దిగాడు. పిల్ల తల వెనక్కి వేలాడుతోంది. ఒళ్లు సగమైపోయింది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి గానీ ఎవరినీ చూడటం లేదు. మైళ్లు పరిగెత్తిన మనిషిలా పెద్దపెద్దగా ఊపిరి తీస్తోంది. ఓ ప్రభువా, ఈ పిల్లేనా కుండ లాక్కుని పరిగెత్తింది?

మా డ్రైవరు సీట్లోంచి దూకాడు. ముసలమ్మ ఆయన్ని చూసి వచ్చి చొక్కా పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"బాబూ, యేసినాం బాబూ. రోజూ యేసినాం. ఒక్క పూట మానలేదు. పిల్ల సిక్కిపోతన్నాది, నీల్లు నీల్లంటన్నాది, అయినా యేసినాం. మందు బాగోలేదేమో అని మా కోడలంటే నేనే నోరు ముయ్యమన్నాను. మా డ్రైవరు బాబు పంపింది, అది బాగోకపోడమేటని."

ఆ మాట విన్నప్పుడు ఆయన మొహం నేను చూశాను. మళ్ళీ ఎవరి మొహమూ అలా చూడకూడదని దేవుణ్ణి వేడుకుంటాను. నెత్తుటి చుక్క లేదు. ఆ తర్వాత పిల్లను తన చేతుల్లోకి తీసుకుని షేర్ ఆటో వైపు పరిగెత్తాడు. నిండు బస్సును అక్కడే వదిలేసి నేనూ వెనకే పరిగెత్తాను, మెడలో టిక్కెట్ల మిషను కొట్టుకుంటుండగా. "కండక్టరమ్మా, మేం దిగిపోమంటావా?" అని ఎవరో అరిచారు. "దిగండి, కూర్చోండి, మీ ఇష్టం!" అని నేనూ అరిచాను.

ఆస్పత్రిలో నర్సమ్మ పిల్లను చూస్తూనే డాక్టరు గారిని కేకేసింది. సెలైన్లు పెట్టారు, సూదులు వేశారు. డాక్టరు గారు ఇంట్లో వాడుతున్న సీసా అడిగితే ముసలమ్మ కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"ఇది మందు కాదమ్మా ఇప్పుడు. ఎక్కడో బాగా ఉడికిపోయింది. ఇది వేసినా ఒకటే, నీళ్లు ఎక్కించినా ఒకటే."

ఎక్కడ ఉడికింది? పిల్ల ఇంట్లోనా, ఆరోగ్య కేంద్రంలోనా, బస్సులోనా? నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో నిర్లక్ష్యంగా ఎండలో పడేసి ఉంటాడు, వాడి అంతు చూస్తానని బస్టాండుకి తిరిగి వచ్చాను. కొండ బస్సు ఇంకా అక్కడే ఉంది. ఎక్కి చూశాను. డ్రైవరు సీటు పక్కన బోనెట్ మీద, తిరుగు ట్రిప్పులో ఇంకో పల్లె రోగికి ఇవ్వాల్సిన మందుతో (స్టార్ల కోసం అలాంటివీ ఒప్పుకున్నారు), ఆ చక్కని డబ్బా కూర్చుని ఉంది. కింద మెత్తగా మడతపెట్టిన తువ్వాలు కూడా వేశారు.

కొత్తవాళ్లకు చెప్పాలి. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు పక్కనే ఉంటుంది, దాని మీది మూతే బోనెట్. సంత రోజు బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. అందుకని ఎవరు ఏది అప్పగించినా, పెళ్లి శుభలేఖలైనా, కళ్లజోడైనా, దేవుడి పటమైనా, బోనెట్ మీదే పెడతాం. ఎవరూ తొక్కరు, డ్రైవరు కంటి ముందే ఉంటుంది. మాలో అది గౌరవ స్థానం. చెయ్యి పెట్టి చూశాను, చురుక్కుమంది. డబ్బా మూత తీస్తే మొహానికి ఆవిరి కొట్టింది. తడిగుడ్డ, బిగించిన మూత, కింద ఇంజను. ఇడ్లీ పాత్ర ఇంకెలా ఉంటుంది?

"బోనెట్ మీదే పెట్టినామక్కా," అన్నాడు ఆ కండక్టరు, నా మొహం చూసి బెదిరిపోయి. "బస్సులో అంతకన్నా బద్రమైన సోటేది? ఎండ తగలకుండా మూత బిగించినాను. గుడ్డ ఆరిపోతే మద్దిలో దిగి మల్లీ తడిపినాను."

వాడి చెంప పగలగొడదామని వచ్చినదాన్ని. చెయ్యి లేవలేదు. విషయం చెప్పాను. వాడు బస్సు మెట్టు మీద కూలబడి, "అంటే నేనే దాన్ని ఉడకబెట్టి పంపినానా? నేనేనా?" అని అదే మాట అంటూ ఉండిపోయాడు. నిర్లక్ష్యం చేసినవాడు దొరికితే తిట్టి బరువు దించుకోవచ్చు. ఇంత శ్రద్ధగా చేసినవాణ్ని ఏం చేస్తాం? ఇంకో దెబ్బ కూడా తగిలింది నాకు. ఇన్నాళ్లూ మేం బోనెట్ మీద పెట్టకపోవడం మా తెలివి అనుకుంటున్నారా? కుండకి అడుగు గుండ్రం. అది దాని మీద నిలబడదు. అందుకే వేలాడదీశాం.

మేనేజరు ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు. వరండాలో గోడకి ఆనుకుని నిలబడి, "అమ్మా, నేను చేసిన తప్పేమిటి? అందరూ మంచి చేయాలనే కదా," అన్నాడు. బెంచీ మీద తల వంచుకుని కూర్చున్న మా డ్రైవరే మాట్లాడాడు.

"మీ ఒక్కరిదీ కాదు సార్. శాలువా కప్పినాక, ఆ కుండ అందిస్తంటే బస్సులో జనం నన్ను సూస్తన్నారా నేదా అని సూసీవోణ్ని. పిల్లని సూడ్డం మానేసినాను. మీరు వంతులేసినప్పుడు రోసం వచ్చింది. పోనీ, ఇంక ఆల్ల పని, ఆల్లే సూసుకుంటారు అనుకున్నాను. రోజూ ఈ బస్టాండులోనే ఉన్నాను. ఆ బస్సోల్లని పిల్లెలాగుంది అని ఒక్కసారి, ఒక్కసారి అడిగినానా?"

అడిగినా వాళ్లేం చెబుతారు? వాళ్లు పిల్లను చూడనే లేదు. డబ్బా ఆరోగ్య కేంద్రంలో ఇచ్చారు, స్టారు పడింది. అదే ఆ మలుపులో ఆగి ఉంటే పిల్ల చిక్కిపోవడం మొదటి రోజే కంటపడేది, ముసలమ్మ మొహం మీదే అడిగేది, "ఇదేటి మందు బాబూ?" అని. మేం తీసేసింది ఆ తిట్టునే. అన్నీ చక్కగా అమర్చి, పిల్లకీ మాకూ మధ్య ఉన్న ఆ ఒక్కటీ తీసేశాం.

పిల్ల మర్నాటి సాయంత్రానికి కళ్లు తెరిచి నీళ్లడిగింది. నర్సమ్మ బయటికి వచ్చి చెబితే మా డ్రైవరు లేచి వెళ్లి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వీపు కదులుతోంది.

మేనేజరు ఆ బోర్డు తన చేతులతోనే దింపేశాడు. మా ఇద్దర్నీ పిలిచి, "మళ్ళీ మీరే ఆ రూటుకి వెళ్లండి. మీకేం కావాలో చెప్పండి, ఏదైనా ఇస్తాను," అన్నాడు.

"ఏటీ వొద్దు సార్. ఆ మలుపులో బస్సాపనివ్వండి, సాలు," అన్నాడు మా డ్రైవరు.

అదమ్మా, బెండకాయల సంచితో నువ్వడిగినదానికి నా దగ్గరున్న జవాబు. నీకేమొస్తుందో నాకు తెలియదు. ఎవరి కోసం చేస్తున్నావో వాళ్లు నిన్ను నిలదీసేంత దగ్గరలో ఉండాలి. నాకు తెలిసింది అంతే.

మళ్ళీ మందు పట్టుకెళ్లిన మొదటి రోజు గురించి చెప్పి ముగిస్తాను. మలుపులో ఇద్దరూ ఉన్నారు. పిల్ల ఇంకా బాగా నీరసంగా ఉంది. మెట్టెక్కింది. నేను కుండ అందించాను. పరిగెత్తలేదు. అక్కడే నిలబడి కుండలో చెయ్యి పెట్టి, కవరు విప్పి, సీసా తీసి తన చెంపకి ఆనించుకుంది. మా డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"సల్లగుందా అమ్మా?" అన్నాడు.

పిల్ల ఆయన వైపు చూడలేదు. సీసా ముసలమ్మకి ఇచ్చింది. ఆవిడ కూడా చెంపకి ఆనించుకుని చూసుకుంది. అప్పుడు తలూపి, ఇద్దరూ దిగారు.

నేను రిటైరయ్యేవరకూ ప్రతిసారీ అంతే. ఆ పిల్ల మా చేతిలోది చెంపకి ఆనించి చూసుకోకుండా ఒక్కసారి కూడా తీసుకోలేదు.